ఒకే ఒక్క మెట్టు

“మోటారు ఫ్యూజులు పీకేశావా?” అని అడిగాడు డిటెక్టివ్.

“పీకి జేబులో వేసుకున్నాను సార్.” ఇంజినీరు జేబు తట్టి చూపించాడు. లోపల గలగలమన్నాయి.

“మొన్న ఈ బుద్ధి ఎవరికైనా ఉండుంటే మేస్త్రి ఇవాళ అన్నం తింటూ ఉండేవాడు.”

ఇంజినీరు తల దించుకున్నాడు. ఓదార్చడం డిటెక్టివ్‌కి చేతకాదు. భార్య పోయాక ఆ ప్రయత్నం కూడా మానేశాడు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడే కింది వాళ్ళు ఆయనకి వేపకాయ అని పేరు పెట్టారు. రిటైరయ్యాక పేరు మిగిలింది, కింది వాళ్ళు మిగల్లేదు.

అది పంపులు తయారుచేసే కంపెనీలో టెస్టు షెడ్డు. షెడ్డు మధ్యలో కాంక్రీటు గది. రోటర్‌ని, అంటే పంపులో తిరిగే భాగాన్ని, అందులో బిగించి, తలుపు మూసి, బయటినుంచి తిప్పి చూస్తారు. మొన్న మధ్యాహ్నం మేస్త్రి ఆ గదిలో బిగింపులు సరిచేస్తుండగా రోటర్ తిరిగింది. షాఫ్ట్‌కి పట్టించి ఉన్న పానా ఎగిరి ఆయన రొమ్ముకి తగిలింది. తలుపు తెరిచి ఉంటే మోటారు కదలకుండా తలుపుకి ఒక స్విచ్ ఉంది. పని ఆలస్యమవుతోందని దాన్ని తీగతో కట్టేసింది మేస్త్రే. తన చావుకి తలుపు తనే తీసిపెట్టుకున్నాడు.

మోటారుని స్టార్ట్ చేయడానికి దారులు రెండు. గది తలుపు పక్కన గోడమీద, ఆపే ఎర్ర బటన్ పైన, ఆకుపచ్చ బటన్ ఒకటి. ఎదురుగా అద్దాల క్యాబిన్‌లో కంప్యూటర్ తెర రెండోది. క్యాబిన్‌లో కూర్చునేది ఇద్దరే: ఇంజినీరు, మేస్త్రి భార్య. ఆవిడ టెస్టుల రికార్డు చూసే ఉద్యోగి. షెడ్డులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్క. ప్రమాదం జరిగినప్పుడు ఇంజినీరు స్టోర్‌రూమ్‌లో ఉన్నానన్నాడు, స్టోర్ గుమాస్తా అవునన్నాడు. అక్క టీ మిషన్ దగ్గర ఉన్నానంది. ఆ మాట ఎవరూ కాదనలేదు, ఎవరూ అవుననీ అనలేదు.

గోడమీది బటన్ల మీద చెయ్యి పెట్టి మాత్రం ఒక మనిషి పనివాళ్ళ కళ్ళపడ్డాడు. అక్క తమ్ముడు. మేస్త్రికి సొంత బావమరిది, అదే షెడ్డులో ఫిట్టర్. ఆ రోజు పొద్దున్నే అందరి ఎదుటా బావ కాలర్ పట్టుకుని, “ఇంకోసారి మా అక్క మీద చెయ్యి లేచిందో, ఆ చెయ్యి నీకుండదు బావా,” అన్నాడు. ఆ ఒక్క మాటతో ఇన్‌స్పెక్టర్ పని తేలికైపోయింది. సాయంత్రం లోపల కుర్రాణ్ణి కోర్టుకి తీసుకెళ్ళి హత్యకేసు పెట్టబోతున్నాడు.

పొద్దున డిటెక్టివ్ స్టేషన్‌కి వెళ్ళి తమ్ముణ్ణి కలిశాడు.

“ఆకుపచ్చ బటన్ నువ్వు నొక్కావా?”

కుర్రాడు గోళ్ళలోని గ్రీజు గీక్కున్నాడు.

“మరి నీ చెయ్యి అక్కడెందుకుంది?”

“ఎర్రది నొక్కాను. ఆపుదామని.”

“ఆకుపచ్చది ఎవరు నొక్కారు?”

ఎంతసేపు తవ్వినా నీళ్ళు పడలేదు. డిటెక్టివ్ లేచి వచ్చేస్తుంటే మాత్రం, “అక్క ఏం చేస్తోంది?” అని అడిగాడు. పెళ్ళాం మీద ప్రేమ ఉన్న మొగుళ్ళని డిటెక్టివ్ కొద్దిమందినే చూశాడు. అక్క మీద ప్రేమ ఉన్న తమ్ముళ్ళని ఇంకా తక్కువ చూశాడు. ఆ కుర్రాడు మనసుకి పట్టాడు.

అక్క తనే వెతుక్కుంటూ నిన్న ఆయన ఇంటికొచ్చింది. “పోయినవాడు ఎటూ రాడు బాబాయిగారూ. నా తమ్ముణ్ణి తీసుకురండి. ఇంకెవరేమైపోయినా నాకక్కర్లేదు,” అంది. అలా పిలవొద్దన్నా వినలేదు. ఉక్కపోతలో కూడా మణికట్టు దాకా చేతుల జాకెట్ వేసుకుంది. మంచినీళ్ళ గ్లాసు అందుకుంటుంటే జాకెట్ చెయ్యి పైకి జరిగింది. కమిలిన మచ్చలు కనిపించాయి. వేళ్ళ వరస కూడా తెలుస్తోంది. డిటెక్టివ్ చూడనట్టు ఊరుకున్నాడు.

షెడ్డు ముందు జీపు ఆగింది. బూట్లు టకటకలాడించుకుంటూ ఇన్‌స్పెక్టర్ క్యాబిన్‌లోకి వచ్చాడు.

“దండాలు గురువుగారూ! రిటైరయ్యాక మనవలకి కథలు చెప్పుకుంటారనుకున్నాను.”

“నాకు మనవలు లేరు. నీకు కథ చెబుతాను, కూర్చో.”

“తొందరగా చెప్పండి. మీ కుర్రాణ్ణి తీసుకుని కోర్టుకి పోవాలి.”

“నా దగ్గర ఆరేళ్ళు పనిచేశావు. తొందర తప్ప ఏమీ నేర్చుకోలేదు.”

“మీ దగ్గర నేర్చుకోవడానికి ఇంకేముంది గురువుగారూ, చేదు తప్ప?” అని ఇన్‌స్పెక్టర్ నవ్వి కుర్చీ లాక్కున్నాడు.

డిటెక్టివ్ బల్లమీద ఉన్న బూడిదరంగు పెట్టె వైపు చూపించాడు. ఇటుకంత పెట్టె. దాంట్లోకి గోడలోంచి వైర్లు వచ్చి చేరుతున్నాయి. “బాబూ, దీని సంగతి ఇందాక నాకు చెప్పినట్టే ఈయనకీ చెప్పు. ఇంగ్లీషు చదువు చూపించకు. ఊరి బడిలో చదివినవాడికి చెప్పినట్టు చెప్పు.”

ఇంజినీరు కళ్ళజోడు సర్దుకున్నాడు. “ఇది డేటా పట్టే పెట్టె సార్. డాక్ అంటాం. యంత్రం దగ్గర జరిగేది విని కంప్యూటర్‌కి చెబుతుంది. ఈ రెండూ కౌంటర్ ఇన్‌పుట్లు. వీటికి లెక్కపెట్టడం తప్ప ఇంకేం రాదు. వైరులో కరెంటు ఒకసారి లేచి పడితే ఒకటి కలుపుకుంటాయి. మొదటిది స్టార్ట్ లైన్ మీద ఉంది. రోటర్‌ని ఎన్నిసార్లు స్టార్ట్ చేశామో తెలియాలి కదా. రెండోది షాఫ్ట్‌కున్న పళ్ళచక్రం దగ్గర. పన్ను దాటినప్పుడల్లా ఒకటి. దాన్నిబట్టి స్పీడు తెలుస్తుంది. ఈ మూడో వైరు కౌంటర్ కాదు, గది నేల అదురుని పడుతుంది.”

“రికార్డు ఎప్పుడు మొదలవుతుంది?”

“ట్రిగ్గర్ వచ్చినప్పుడు సార్. స్టార్ట్ లైన్ లేవడమే ట్రిగ్గర్. అయితే అంతకు ముందు కొన్ని సెకన్లది కూడా దాచిపెట్టుకుని ఉంటుంది.”

“తలుపు కొడితే లేచినవాడు, కొట్టకముందు ఏం చప్పుడైందో కూడా చెబుతాడన్నమాట,” అన్నాడు డిటెక్టివ్. “మొన్నటిది చూపించు.”

తెరమీద మూడు గీతలు వచ్చాయి. అడుగు గీతలో ముందుభాగమంతా ముళ్ళలాగా లేచి పడుతోంది.

“ఇవేమిటి?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఇంజినీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “మేస్త్రి సుత్తి దెబ్బలు సార్. ట్రిగ్గర్‌కి ముందువి.”

ముళ్ళు వరసగా వచ్చి, ఒకచోట ఆగిపోయాయి. అక్కడే పై గీత ఒక్క మెట్టు ఎక్కింది. మధ్య గీత స్పీడుది. అది కొండ ఎక్కినట్టు నున్నగా పైకి పోయి, ఎర్ర బటన్ నొక్కినచోట కిందికి తిరిగింది.

“పై గీత స్టార్ట్ లెక్క,” అన్నాడు డిటెక్టివ్. “ఎన్ని మెట్లున్నాయి?”

“ఒకటి. ఒకసారి నొక్కాడు, ఒకటి ఎక్కింది. ఇందులో కథేముంది గురువుగారూ?”

“పద. నువ్వు నొక్కుదువుగాని.”

కాంక్రీటు గది ముందు, మేస్త్రిని పడుకోబెట్టినచోట సున్నంతో గీసిన గుర్తు ఇంకా చెరగలేదు. ఇన్‌స్పెక్టర్ దాన్ని దాటి గోడ దగ్గరికి వెళ్ళాడు. ఆకుపచ్చ బటన్ రంగు వెలిసి, అంచులు అరిగి ఉంది. బొటనవేలితో నొక్కాడు. బటన్ లోపల కీచుమంది.

“ఎంత?” అని కేకేశాడు డిటెక్టివ్.

“నాలుగు మెట్లు సార్!” అన్నాడు క్యాబిన్‌లోంచి ఇంజినీరు.

ఇన్‌స్పెక్టర్ మళ్ళీ నొక్కాడు.

“ఆరు!”

గట్టిగా నొక్కాడు. మెల్లగా నొక్కాడు. గుద్దాడు. “మూడు!” “ఏడు!” “అయిదు సార్!”

“లోపల రేకు ముసలిదైపోయింది,” అన్నాడు డిటెక్టివ్. “వేలు ఒక్కసారే నొక్కినా అది తగిలి, ఎగిరి, మళ్ళీ తగులుతుంది. మన కంటికి తెలియదు, ఆ పెట్టెకి తెలుస్తుంది. తగిలినప్పుడల్లా ఒకటి. ఈ బటన్ వల్ల లెక్క తప్పుతోందని, మార్చమని మేస్త్రి ఏడాదిగా మొత్తుకుంటున్నాడట. నువ్వు మాత్రం ఆపకు. ఒకటి వచ్చేదాకా నొక్కు.”

ఇన్‌స్పెక్టర్ పంతం పట్టాడు. బొటనవేలు ఎర్రబడేదాకా నొక్కాడు. షెడ్డులో పనివాళ్ళు ఒక్కొక్కరే పనులాపి చూడసాగారు. ఎవరో వెనకనుంచి, “అరిగిపోతుంది సార్, కంపెనీ కొత్తది కొనదు,” అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఒకటి మాత్రం రాలేదు.

“ఇప్పుడు తెరమీదనుంచి స్టార్ట్ చెయ్యి బాబూ.”

“ఒకటి సార్… ఒకటి… మళ్ళీ ఒకటే.”

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. “మొన్నటి స్టార్ట్ గోడమీంచి రాలేదు. క్యాబిన్‌లోంచి వచ్చింది. ఆ కుర్రాడు ఆపడానికి పరిగెత్తినవాడు. నువ్వు ఆపినవాణ్ణి పట్టుకున్నావు.”

ఇన్‌స్పెక్టర్ మొహం జేవురించింది. అయినా ఓటమి ఒప్పుకునే రకం కాదు. దడదడా క్యాబిన్‌లోకి నడిచి, ఇంజినీరు భుజం పట్టుకున్నాడు.

“ఏమయ్యా! ఇలా ఎక్కువ లెక్క రాకుండా చేసే ఉపాయం నీ పెట్టెలో ఏదీ లేదా? నిజం చెప్పు!”

“ఉంది సార్… ఫిల్టర్ అని ఉంటుంది. అది వేస్తే బటన్ ఎగురుళ్ళని మింగేసి ఒకటే లెక్కపెడుతుంది.”

“అదీ!” ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. “మొన్న ఫిల్టర్ వేసి ఉంది. తర్వాత ఎవరో తీసేశారు. అయిపోయింది గురువుగారూ మీ కథ! ఏమిటీ చాదస్తం? కళ్ళారా చూసిన మనుషుల మాట కాదని పెట్టె మాట పట్టుకుంటారా?”

డిటెక్టివ్‌కి ఆసుపత్రి గది గుర్తొచ్చింది. భార్య మంచం పక్కన ఒక యంత్రం ఉండేది. నాడి తప్పితే అరిచేది. రాత్రంతా అరుస్తోందని విసుగుపుట్టి, డ్యూటీలో ఉన్నవాళ్ళు దాని నోరు నొక్కేశారు. పొద్దున ఆవిడ చల్లగా ఉంది. మేం చూస్తూనే ఉన్నామని అయిదుగురు ప్రమాణం చేసి చెప్పారు. అయిదుగురూ మనుషులే.

“బాబూ,” అన్నాడు. “ఆ ఫిల్టర్ ఒక్కో వైరుకీ వేరేగా ఉంటుందా?”

“లేదు సార్. ఈ మోడల్లో కౌంటర్లన్నిటికీ కలిపి ఒకటే.”

“జల్లెడ ఒకటే. బటన్ ఎగురుళ్ళు ఆగేంత సన్నగా పెడితే, చక్రం పళ్ళు అందులోంచి దాటతాయా?”

ఇంజినీరు నోరు తెరిచాడు. తెరవైపు తిరిగి మధ్య గీతని చూశాడు. “దాటవు సార్. పళ్ళు అంతకంటే ఎన్నోరెట్లు వేగం. ఫిల్టర్ వేసి ఉంటే స్పీడు గీత మొదట్లోనే చచ్చిపోయి ఉండేది. ఇది చివరిదాకా ఎక్కింది.” అతని గొంతులో భయంపోయి ఆశ్చర్యం వచ్చింది. “మొన్న ఫిల్టర్ లేదు సార్. ఖాయంగా లేదు.”

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూలబడ్డాడు. టోపీ తీసి నెత్తి గోక్కున్నాడు.

“స్టేషన్‌కి ఫోన్ చెయ్యి,” అన్నాడు డిటెక్టివ్. “కుర్రాణ్ణి వదిలెయ్యమను. తర్వాత క్యాబిన్‌లో ఎవరున్నారో వెతుకుదువుగాని. ఈసారి తొందర పడకు.”

“మీరు గెలిచినప్పుడు కూడా మీ మొహం నవ్వదేంటి గురువుగారూ?” అంటూ ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసుకుని షెడ్డు బయటికి వెళ్ళిపోయాడు.

డిటెక్టివ్ తెరముందు నిలబడ్డాడు. పని అయిపోయింది. ఇంటికి పోవచ్చు. కానీ ఏదో ఒక ముల్లు ఇంకా గుచ్చుతోంది.

“ఈ రికార్డు ట్రిగ్గర్ రాగానే దానంతటదే మొదలవుతుందన్నావు. ఎప్పుడు స్టార్ట్ అయినా రికార్డు అవుతుందా?”

“అవదు సార్. ముందు ఆర్మ్ చెయ్యాలి. అంటే ట్రిగ్గర్ కోసం కాచుకుని కూర్చోమని చెప్పాలి. తెరమీద ఇక్కడ నొక్కితే పసుపు గుర్తు వెలుగుతుంది. ఒక రికార్డు అవగానే ఆరిపోతుంది, మళ్ళీ చెయ్యాలి. ఇందాక ప్రతిసారీ నేను చేశాను, మీరు చూడలేదు.”

“మొన్న మేస్త్రి లోపల బిగింపులు చేస్తుంటే టెస్టు లేదు. మరి ఎవరు ఆర్మ్ చేశారు?”

ఇంజినీరు ఆలోచించకుండానే నవ్వాడు. “అక్క సార్. అది అక్క పనే. టెస్టున్నా లేకపోయినా ఈ కుర్చీలో కూర్చుంటే చాలు, చెయ్యి దానంతటదే పోతుంది. ‘అక్కా, నిద్రలో కూడా ఆర్మ్ చేస్తావేమో’ అని మేమంతా ఏడిపిస్తుంటాం…”

మాట మధ్యలో నవ్వు ఆగిపోయింది.

“పొద్దున టెస్టు అయ్యాక ఎవరైనా చేసి వదిలేసి ఉండొచ్చు కదా?” అన్నాడు డిటెక్టివ్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“కాసేపు చూసి, ట్రిగ్గర్ రాకపోతే అదే ఆరిపోతుంది సార్. టీ కలుపుకునేంతసేపు కూడా ఉండదు.”

“ఈ సుత్తి దెబ్బలు… అప్పుడు తెరముందున్నవాళ్ళకి కనిపించేవా?”

“కళ్ళుంటే కనిపిస్తాయి సార్,” అన్నాడు ఇంజినీరు. ఈసారి చాలా మెల్లగా.

క్యాబిన్ తలుపు దగ్గర గ్లాసులు తగిలిన చప్పుడైంది. అక్క టీ పళ్ళెంతో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

“ఆ ఫ్యూజులు స్టోర్‌లో ఇచ్చిరా బాబూ,” అన్నాడు డిటెక్టివ్.

ఇంజినీరు అక్క మొహం చూడకుండా పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయాడు. అక్క పళ్ళెం బల్లమీద పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు.

“తమ్ముణ్ణి వదిలేస్తున్నారటగా బాబాయిగారూ. బయట అంటున్నారు.”

“వదిలేస్తున్నారు.”

“మీ రుణం తీర్చుకోలేను.”

“నా దగ్గరికి ఎందుకొచ్చావమ్మా? ఏం తేలుతుందనుకున్నావు?”

అక్క గ్లాసులు పళ్ళెంలో వరసగా సర్దింది. “బటన్ పాడైందని అందరికీ తెలుసు. దానంతటదే అంటుకుందని చెబుతారనుకున్నాను. వాడూ బయటపడతాడు, నేనూ… పాడైపోయిన బటనే వాణ్ణి కాపాడింది. నన్ను మాత్రం వదల్లేదు.”

“లోపల ఉన్నాడని తెలుసా?”

“ఆ ముళ్ళు చూస్తూనే కూర్చున్నాను. టక్, టక్, టక్. సుత్తితో ఆయన ఎలా కొడతాడో నాకు తెలుసు బాబాయిగారూ. ఇంట్లో కూడా అలాగే, తీరుబడిగా.” మణికట్టు దగ్గర జాకెట్ చెయ్యి సర్దుకుంది. “పొద్దున తమ్ముడు కాలర్ పట్టుకున్నాక ఆయన నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. సాయంత్రం ఇంటికిరా, నీకూ నీ తమ్ముడికీ కలిపి చెబుతానని. సాయంత్రం రాకూడదనుకున్నాను. అంతే.”

“తమ్ముడు చూశాడా?”

“తల తిప్పి అద్దంలోంచి నన్నే చూశాడు. తర్వాతే పరిగెత్తి ఎర్రది నొక్కాడు.”

‘అక్క ఏం చేస్తోంది?’ డిటెక్టివ్‌కి ఆ ప్రశ్న ఇప్పుడు అర్థమైంది. అది ప్రేమే. ప్రేమ ఒక్కటే కాదు.

అక్క తన కుర్చీలో కూర్చుంది. ఏదో ఒకటి అనాలి. పారిపొమ్మనాలి, లొంగిపొమ్మనాలి, చేసింది తప్పనాలి. డిటెక్టివ్‌కి ఏ మాటా రాలేదు. ఎవరిమీదా జాలి చూపడం అలవాటు లేని మనిషికి ఒక్కసారిగా అవసరం పడితే ఎక్కణ్ణుంచి తెస్తాడు?

బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది. ఇన్‌స్పెక్టర్ వస్తూనే ఫోన్ ఊపాడు. మొహంలో మళ్ళీ కళ వచ్చింది.

“వింత విన్నారా గురువుగారూ? మీ కుర్రాడు బయటికి రానంటున్నాడు! రెండు రోజులు నోరు విప్పనివాడు, స్టార్ట్ క్యాబిన్‌లోంచి వచ్చిందని మావాళ్ళు చెప్పేసరికి, ‘అయితే క్యాబిన్‌లోకి వెళ్ళింది నేనే, నొక్కింది నేనే, రాసుకోండి’ అని గోల చేస్తున్నాడట.” ఖాళీ కుర్చీ వెనక చెయ్యేసి డిటెక్టివ్ వైపు వంగాడు. “విడుదల అనగానే నేరం ఒప్పుకునేవాణ్ణి చూస్తే ఏం చెయ్యమని నేర్పారు మీరు? ‘వాడెవరి ముందు అడ్డం నిలబడ్డాడో చూడు’ అన్నారు. తొందర తప్ప ఏమీ నేర్చుకోలేదన్నారుగా. ఇదొక్కటి గుర్తుంది.”

డిటెక్టివ్ టీ గ్లాసు అందుకున్నాడు.

“చెప్పండి. ఎవరి ముందు?”

అప్పుడు తెరమీద పసుపు గుర్తు వెలిగింది.

ఇన్‌స్పెక్టర్ చూపు అటు తిరిగింది. “ఇదేమిటి?”

గుమ్మం దగ్గర, ఖాళీ జేబుతో తిరిగొచ్చిన ఇంజినీరు నిలబడి ఉన్నాడు. తన యంత్రం గురించి ఎవరడిగినా జవాబు చెప్పడం అతనికి అలవాటు. “ఆర్మ్ అయింది సార్. ట్రిగ్గర్ కోసం కాచుకుని ఉంది. ఇది వెలిగితేనే రికార్డు పడుతుంది,” అన్నాడు. అన్నాక పెదవి కొరుక్కున్నాడు.

“ఎవరు చేశారు?”

ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఇన్‌స్పెక్టర్ పసుపు గుర్తునుంచి బల్లమీదికి, బల్లమీది చేతికి, చేతినుంచి జాకెట్ అంచుకి, అక్కడ తొంగిచూస్తున్న నల్లమచ్చకి మెల్లగా చూపు జరిపాడు. జీవితంలో మొదటిసారి అతను తొందర పడలేదు.

యంత్రం అబద్ధం ఆడదని డిటెక్టివ్ పదేళ్ళుగా నమ్ముతూ వచ్చాడు. దాని నోరు నొక్కిన వాళ్ళని ఒక్కరోజూ క్షమించలేదు. ఇప్పుడు బల్లమీద ఆ బూడిదరంగు పెట్టెని చూస్తుంటే, దాని వైర్లన్నీ పట్టి పీకెయ్యాలని ఆయన వేళ్ళు కొట్టుకున్నాయి.

అక్క తన చేతిని తనే వింతగా చూసుకుంది. తర్వాత తలెత్తి, “మొన్నా ఇంతే సార్,” అంది ఇన్‌స్పెక్టర్‌తో. “వాడు చిన్నవాడు. వాడికి ఆర్మ్ చెయ్యడం కూడా రాదు.”